గాలి దిక్కు మార్చుకునే స్టేషన్

భూపాలపల్లి కొత్త బాయిలో నేను ఓవర్‌మన్‌గా, అంటే సర్దార్లకు పై అధికారిగా, పనిచేసిన రోజుల్లో మా సర్దార్‌కు ఒక కచ్చితమైన పద్ధతి ఉండేది. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. బాయిలో ఉన్నంతసేపూ ఆయన నన్ను ‘సార్’ అనేవాడు, ‘మీరు’ అనేవాడు. షిఫ్టు అయిపోయి, టోపీ దీపం అప్పజెప్పి వెలుతురులోకి రాగానే ‘తమ్మీ’ అనేవాడు, ‘నువ్వు’లోకి వచ్చేవాడు. నేను మైనింగ్ డిప్లొమా చదివి వచ్చిన జనగామ కుర్రవాణ్ణి. ఆయన మానుకోట అవతలి తండాలో పుట్టి, బొగ్గు తట్టలు ఎత్తి, పరీక్ష పాసై సర్దార్ అయినవాడు, నాకంటే చాలా పెద్ద. కింద నా హోదా చెల్లాలి, పైన ఆయన వయసు చెల్లాలి. నేను మాత్రం రెండు చోట్లా ‘అన్నా’ అనే పిలిచేవాణ్ణి.

ఎనభైల చివర్లో, ఒక చలికాలం మధ్యాహ్నం, మేమిద్దరం పారిస్ నగరంలో భూమి కింద నడిచే రైలు కోసం మెట్లు దిగుతున్నాం. అన్న నెత్తి మీద రేకు పెట్టె ఉంది. సగం మెట్ల దగ్గర ఆగాడు.

“ఒక మాట చెప్పు. ఇప్పుడు నిన్ను ఏమని పిలువాలె?”

“ఎప్పటి లెక్కనే, తమ్మీ అను.”

“లోపలికి దిగుతున్నం గద.”

“గిది బాయి కాదన్నా. రైలు స్టేషను.”

“మన్ను కిందికి పోతున్నమా లేదా?”

“పోతున్నం.”

“అయితే సార్ అనే అంట. మన్నుకేం ఎరుక, గిది ప్యారిస్ అని? నడువుండ్రి సార్.”

వెనక వస్తున్న ఇద్దరు ముసలమ్మలు ఆ రేకు పెట్టెకు దారి ఇచ్చి గోడకు ఒదిగి నిలబడ్డారు.

మేము ఆ ఊరికి ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. మా పాత పద్ధతిలో బొగ్గును మందుతో పేల్చాక, అప్పుడే బయటపడ్డ కప్పు కిందికి మనుషులు వెళ్లి బొగ్గు ఎత్తాలి. దుంగలు నిలబెట్టేదాకా ఆ కప్పుకు ఆధారం ఏమీ ఉండదు. అందరికంటే ముందు సర్దార్ వెళతాడు. కర్రతో కప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. సర్దార్ సరే అన్నాకే మిగతావాళ్లు అడుగు పెడతారు. కాదంటే రెండు కర్రలు అడ్డంగా కట్టి దారి మూసేస్తాడు. ఆ కర్రలు దాటి పోయే ధైర్యం మేనేజరుకు కూడా ఉండదు.

అన్న సొంత తమ్ముడు వేరే బాయిలో, వేరే సర్దార్ కింద పనిచేసేవాడు. ఒక రోజు కప్పు కూలి అతని కుడికాలు పోయింది.

ఫ్రాన్సు దేశపు గనుల్లో కొత్త పద్ధతి ఒకటి ఉందనీ, అందులో మనుషులు గట్టి ఆధారాల కిందే ఆగిపోతారనీ, దూరం నుంచి నడిపే యంత్రం ఒక్కటే ముందుకు వెళ్లి బొగ్గు తెస్తుందనీ మాకు తెలిసింది. నేర్చుకోవడానికి కొందరిని పంపుతామన్నారు. అన్న మొదటి రోజే పేరిచ్చాడు. మా బాయి మేనేజరు పెద్దసారుకు అది నచ్చలేదు.

“ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి రాదు. ఆడ తొవ్వ తప్పితే నిన్నెవడు దేవులాడాలె?” అన్నాడు పెద్దసారు.

“బాయిల ఇన్నేండ్లు తిరిగిన సార్. ఒక్కనాడు తొవ్వ తప్పలే” అన్నాడు అన్న.

“సరే, పో. కాని తప్పిపోయిండని గాని, లొల్లి చేసిండని గాని అక్కడినుంచి ఒక్క ఫోన్ వచ్చిందనుకో, మరునాడే వాపస్ పిలుస్తా. నీ జాగల ఇంకొకణ్ణి పంపుత.”

ఆ మాట పారిస్‌లో మా కోసం పెట్టిన దుబాసీకి కూడా చేరింది. ఆయన పుదుచ్చేరి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాడు, మాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. మంచివాడే, కానీ అప్పగించిన పని అప్పగించినట్టు చేసే రకం. ఏదైనా జరిగితే కబురు చేయమని తనకు చెప్పారని మొదటి రోజే మాకు చెప్పేశాడు.

మిగతా బృందం వారం ముందే వెళ్లిపోయింది. తండాలో పుట్టిన మనిషికి పుట్టిన తేదీ రుజువు చేయడం ఆలస్యమై అన్న పాస్‌పోర్టు చివర్లో వచ్చింది. ఆయనకు తోడుగా నన్ను ఆపారు. మేము బయల్దేరిన రోజు మానుకోట స్టేషన్‌కు అన్న తమ్ముడు చంక కర్రల మీద వచ్చాడు. రైలు కదిలేటప్పుడు కిటికీ కమ్మీ పట్టుకుని ఒకటే చెప్పాడు: “అన్నీ చూసి రా అన్నా. ఒక్కటి గూడ ఇడిచిపెట్టకు.”

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. మేము పని నేర్చుకోవలసిన బొగ్గు ఊరికి వెళ్లే రైలు నగరం తూర్పు వైపున్న పెద్ద స్టేషన్‌లో ఎక్కాలి. దుబాసీ నేరుగా అక్కడికే వస్తానన్నాడు. మేము బస చేసిన హాస్టల్ నుంచి భూగర్భ రైలు ఎక్కి, విశ్వవిద్యాలయాల పేటలో దిగి, లైను మారి, తూర్పు స్టేషన్ చేరాలి. మార్పు ఒక్కటే. నేను ముందు రోజే మొత్తం వరుస కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వరుస రాసుకోకుండా నేను కూరగాయలకు కూడా వెళ్లను.

విశ్వవిద్యాలయాల పేట స్టేషన్‌లో రైలు దిగి తలెత్తి చూశాక మాత్రం నా వరుస నాకు గుర్తు లేదు.

అది ఒకే ఒక్క వంపు. ఈ ప్లాట్‌ఫారం అంచు గోడ నుంచి లేచి, రెండు పట్టాల దారుల మీదుగా, అవతలి ప్లాట్‌ఫారం గోడ దాకా ఒక్క దూకులో వెళ్లి దిగిన కప్పు. నడుమ స్తంభం లేదు. దుంగ లేదు. దూలం లేదు. మా బాయి దారికి మూడింతల వెడల్పు ఉంటుంది. ఆ వంపంతా తెల్లటి పలకలు పొదిగారు, పలకల అంచులు చెక్కి ఉండటం వల్ల దీపాల వెలుగు వాటి మీద వేల ముక్కలై మెరుస్తోంది. ఆ కప్పు మీద మన్ను, మన్ను మీద వీధి, వీధి మీద బస్సులు, రాతి భవనాలు, వాటిలో పుస్తకాలు, పాఠాలు చెప్పే పంతుళ్లు. ఇంత బరువు ఎక్కడ దిగుతోంది? వంపు పొడవునా జారి, రెండు పక్కల గోడల్లోకి, అక్కడి నుంచి పునాదిలోకి. ఈ లెక్క నేను పాలిటెక్నిక్‌లో చదివాను, గీతలు గీశాను, మార్కులు తెచ్చుకున్నాను. కానీ లెక్క కింద నిలబడటం అదే మొదటిసారి.

అన్న పెట్టె దించాడు. గోడ దగ్గరికి వెళ్లి, వంపు మొదలయ్యే చోట వేలి కణుపులతో తట్టి చెవి పెట్టాడు. ఇంకో చోట తట్టాడు.

“ఎట్లుందన్నా?”

“గంట లెక్క ఉంది, సార్.” ఆయన గొంతు బాగా తగ్గిపోయింది, దేవుడి ముందు మాట్లాడినట్టు. “గిది ఎవడు కట్టిండో గని, వాని చేతులకు మొక్కాలె.”

తర్వాత జనం వైపు చూశాడు. ప్లాట్‌ఫారం నిండా విద్యార్థులే. నడుస్తూ చదివేవాళ్లు, మెట్ల మీద కూర్చుని రొట్టె తినేవాళ్లు, కరపత్రాలు పంచేవాళ్లు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నవ్వేవాళ్లు.

“ఒక్కరు గూడ పైకి చూస్తలేరు సార్” అన్నాడు. “ఎంత ధీమా!”

లైను మారే దారికి నారింజ రంగు పలకలు, బయటికి పోయే దారికి నీలం పలకలు ఉన్నాయి. ఆ ఊళ్లో ఏ రైలు దారిని అయినా దాని చిట్టచివరి స్టేషన్ పేరుతో పిలుస్తారు. మా ఊళ్లో కూడా అంతే, డోర్నకల్ ప్యాసింజర్ అంటే డోర్నకల్‌లో ఆగిపోయే బండి. అందుకని నాకు వెంటనే పట్టుబడింది. నారింజ పలక పట్టుకుని ఒక పొడవాటి సొరంగంలోకి నడిచాం. అది వంగింది, దిగింది, మళ్లీ ఎక్కింది, నాలుగు దారులు కలిసే చోటికి వచ్చింది. అక్కడ గోడ మీద నగరం మొత్తం భూగర్భ దారుల పటం ఉంది. మనిషి ఎత్తు ఉంది.

నేను దాని ముందు ఆగాను. ఒక్కో రంగు గీత ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఏది దేన్ని దాటింది, ఏది దేని కింద పోయింది అని చూడటం మొదలుపెట్టాను. మట్టి కింద ఒక ఊరు, దానికి చౌరస్తాలు, మూల మలుపులు. నా వేలు ఒక గీత వెంట నది కిందికి వెళ్లింది. నది కింది నుంచి! అంతలోనే ఏదో క్లాసు వదిలారో, రెండు రైళ్లు ఒకేసారి వచ్చాయో, జనం ఒక్కసారిగా మా మీద పడ్డారు. నేను పటానికి అతుక్కుపోయి నిలబడ్డాను. జనం పలచబడ్డాక తిరిగి చూస్తే అన్న లేడు. కాలువకు నీళ్లు వదిలినప్పుడు గట్టు మీది చెప్పు కొట్టుకుపోయినట్టు పోయాడు.

“అన్నా!” అని అరిచాను. సొరంగం నా మాటను నాలుగు వైపులా పంచి నాకే ఇచ్చింది.

రైలుకు గంట కూడా లేదు. ఆయన రైలు టికెట్ నా దగ్గర ఉంది, పాస్‌పోర్టు నా సంచిలో ఉంది. ఆయన దగ్గర ఒక రేకు పెట్టె, కాస్త రొట్టె, లంబాడీ, తెలుగు భాషలు ఉన్నాయి. ఎవరైనా పోలీసు ఆపితే దుబాసీకి ఫోన్ పోతుంది, దుబాసీ నుంచి భూపాలపల్లికి పోతుంది. చంక కర్రల మీద నిలబడ్డ ఆయన తమ్ముడు కళ్లముందు మెదిలాడు.

ముందుగా దారిన పోయేవాళ్లను అడిగాను. ఫ్రెంచి రాదు కాబట్టి నెత్తి మీద పెట్టె మోస్తున్నట్టు అభినయించి, మీసం దువ్వి చూపించాను. ఒకడు నవ్వి చప్పట్లు కొట్టాడు. ఒకావిడ నా చేతిలో నాణెం పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు ఆలోచించాను. బాయిలో దీపం ఆరిపోయి తప్పిపోతే ఏం చేయాలో మొదటి రోజే నేర్పుతారు: గాలికి ఎదురుగా నడువు. ఎందుకంటే మా దగ్గర పైనుంచి మంచి గాలి ఒక దారిన దిగుతుంది, పని చోట్లన్నీ తిరిగి, ఇంకో దారిన ఫ్యాన్ దగ్గరికి పోయి బయటపడుతుంది. గాలిని ముఖానికి తగలనిస్తూ నడిస్తే ఎప్పటికైనా వెలుతురు చేరతావు. ఇది బాయి మనిషికి ఒంట్లో ఉంటుంది. అన్న కచ్చితంగా అదే చేసి ఉంటాడు.

నేనూ గాలికి ముఖం పెట్టాను. ఎడమ సొరంగంలోంచి వస్తోంది. అటు నడిచాను. కొంత దూరం పోయేసరికి గాలి ఆగింది. ఆగి, నా వీపు మీద తగలడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగాను. కింద ఎక్కడో రైలు దడదడలు అరికాళ్లకు తెలిశాయి, గాలి మళ్లీ తిరిగింది. అప్పుడు అర్థమైంది నాకు. ఇక్కడ గాలిని నడిపేది ఫ్యాన్ కాదు, రైళ్లు. సొరంగానికి సరిపడా లావున్న రైలు వస్తూ తన ముందున్న గాలిని నెడుతుంది, పోతూ వెనకున్న గాలిని గుంజుతుంది. రెండు లైన్లు, నాలుగు దిక్కుల రైళ్లు. ఆ స్టేషన్ మొత్తం ఒక పెద్ద జంతువులా ఊపిరి పీల్చి వదులుతోంది. ఆ పరేషాన్‌లో కూడా నాకు రోమాలు లేచాయి, అంత గొప్పగా ఉంది అది.

వెంటనే ఇంకో సంగతి తట్టింది. మా బాయిలో గాలి దిక్కు మారదు. పగలు, రాత్రి, పండగ, సమ్మె, ఎప్పుడూ మారదు. మారిందంటే ఎక్కడో నిప్పు పుట్టినట్టు, లేదా పేలుడు జరిగినట్టు. గాలి తిరిగిందని తెలిసిన సర్దార్ చేయవలసిన పని ఒక్కటే. తాను బయటికి పోవడం కాదు. లోపలికి పోయేవాళ్లను ఆపడం.

అన్న ఇప్పుడు ఏం చేస్తూ ఉంటాడో నాకు తెలిసిపోయింది. ఎక్కడ చేస్తున్నాడో తెలియదు, అంతే.

నాలుగు దారుల కూడలికి తిరిగి వచ్చి నిలబడి విన్నాను. అడుగుల చప్పుడు, నవ్వులు, దూరంగా ఏదో పాట. అక్కడ విద్యార్థులు సొరంగాల్లో కూర్చుని గిటారు వాయించి పాడతారు. హాస్టల్ దగ్గరి స్టేషన్‌లోనూ చూశాను. ఈ పాటకు గిటారుతో పాటు తాళం కూడా ఉంది, ఇనుము మీద లోహం కొట్టే చప్పుడు. టక్, టక్, టక్, కాసేపు ఆగి మళ్లీ టక్, టక్, టక్. గిటారు దాని వెనక పరుగెత్తి అందుకుంటోంది. తాళం మాత్రం పాట కోసం ఆగడం లేదు, తొందరపడటం లేదు. అది పాట తాళం కాదు. మా బాయిలో పైపు మీద కొట్టే అపాయపు సంకేతం. అన్న చేతికున్న వెండి కడియం మోత నాకు తెలుసు.

ఆ మోత వచ్చిన దారిలో పరుగెత్తాను.

సొరంగం కిందికి దిగే మెట్ల దగ్గర దారికి అడ్డంగా రేకు పెట్టె ఉంది. పెట్టె పక్కన అన్న ఒక చేయి బార్లా చాచి, రెండో చేతి కడియంతో మెట్ల ఇనుప కమ్మీని కొడుతూ నిలబడ్డాడు. చలికోటు గుండీలు ఊడి ఉన్నాయి, ముఖమంతా చెమట.

“పోవద్దు! గాలి తిరిగింది! వాపస్ పోండ్రి బిడ్డా, వాపస్ పోండ్రి!”

ఆయన ముందు ఇరవై ముప్పై మంది విద్యార్థులు నేల మీద కూర్చుని ఉన్నారు. గిటారు అబ్బాయి మొదటి వరుసలో ఉన్నాడు. ఇంకా వస్తున్నవాళ్లు కూర్చున్నవాళ్లను ఏదో అడిగి, జవాబు విని, తామూ కూర్చుంటున్నారు. ఎవరో దారికి అడ్డం నిలబడ్డాడంటే ఏదో న్యాయమైన కారణమే ఉంటుందని ఆ పేట పిల్లల నమ్మకం. కారణం తర్వాత తెలుసుకోవచ్చు, ముందు కూర్చోవాలి.

నాకు అరవై తొమ్మిది గుర్తుకొచ్చింది. ఉద్యమం రోజుల్లో మా జనగామ స్టేషన్‌లో కాలేజీ పిల్లలు పట్టాల మీద ఇలాగే కూర్చున్నారు. వాళ్ల ముందు ఇంజను ఆవిరి వదులుతూ నిలబడిపోయింది. ఒట్టి చేతుల మనుషులు అంత ఇనుమును ఆపగలరని అప్పుడే చూశాను. ఆ రోజు బడి పిల్లవాణ్ణి, నోరు తెరుచుకుని చూశాను. ఈ రోజూ అంతే.

“సార్!” అన్న నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు. “వచ్చిండ్రా! గాలి రెండుసార్లు తిరిగింది సార్! యాడనో అగ్గి వడ్డది. గీ పోరగాండ్లు ఇంటలేరు, పాటలు పాడుతున్నరు!”

“అగ్గి లేదన్నా. ఏం లేదు.”

“గాలి తిరిగిందంటున్న!”

“తిరుగుతది. ఈడ గంతే. దవాఖానల ఇంజెక్షన్ చూసినవ్ గద? లోపలి బిళ్లను ముందుకు నూకితే మందు ముందుకు పోతది, వెనుకకు గుంజితే వెనుకకొస్తది. సొరంగం గొట్టమన్నట్టు. రైలు బిళ్ల. గాలి మందు.”

ఆయన కొట్టడం ఆపాడు. కానీ పెట్టె తీయలేదు. బాయిలో మాట విని కర్రలు విప్పే సర్దార్‌ను నేను చూడలేదు. తాను పరీక్షించి చూస్తేనే విప్పుతాడు. మెడలోని మఫ్లర్ తీసి, ఒక కొస పట్టుకుని గాలిలో వేలాడదీశాడు. విద్యార్థులు పాట ఆపి మఫ్లర్ వైపు చూశారు. కింద రైలు వచ్చింది, మఫ్లర్ మా వైపు ఎగిరింది. రైలు ఆగింది, మఫ్లర్ వాలింది. రైలు కదిలింది, మఫ్లర్ మెట్ల వైపు తిరిగింది.

“అన్నా, మన రైలుకు టైమైతుంది.”

“ఇంకొక్కటి చూడనియ్యుండ్రి.”

ఇంకొకటి చూశాడు. అంతలో నీలం దుస్తుల స్టేషన్ ఉద్యోగిని ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నడుము మీద చేతులు పెట్టుకుని గట్టిగా ఏదో అడిగింది. పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె లేచి నాతో ఇంగ్లీషులో అంది, “దారి ఎవరు మూశారని అడుగుతోంది. పై అధికారికి ఫోన్ చేస్తానంటోంది. అసలు మీ పోరాటం దేని గురించి? ఆయన్ను ఎక్కడికి పోవాలని అడిగితే ఒకటే పేరు చెప్తున్నాడు, అది మా పటంలో ఎక్కడా దొరకలేదు.”

“ఏం పేరు?”

“బూ... పాల్... పల్లీ.”

నిజంగానే ఇద్దరు అబ్బాయిలు నేల మీద పటం పరిచి ఇంకా వెతుకుతున్నారు.

నేను ఆ అమ్మాయికి అంతా చెప్పాను. బాయి, గాలి, సర్దార్ పని, తూర్పు స్టేషన్‌లో మేము ఎక్కాల్సిన రైలు. ఆమె విని, ఉద్యోగిని వైపు తిరిగి ఫ్రెంచిలో చెప్పింది. చివర్లో ఆమె అన్న వైపు చేయి చూపి ఒక చిన్న మాట అంది. ఏమన్నావని తర్వాత అడిగాను. ‘మేమంతా చనిపోతామనుకుని ఆపాడు’ అన్నానంది.

ఉద్యోగిని అన్నను కింది నుంచి పై దాకా చూసింది. చేతులు నడుము మీది నుంచి దిగాయి. ఆమె మెల్లగా ఏదో చెప్పింది.

“దారి తెరిస్తే చాలట. ఫోన్ అక్కర్లేదట” అంది అమ్మాయి.

“అన్నా, పెట్టె తియ్యి. పోదాం పా.”

అన్న మఫ్లర్ మెడకు చుట్టుకున్నాడు. పెట్టె గోడ పక్కకు జరిపాడు. తర్వాత కదలకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, బాయిలో మనుషులను పనికి వదిలినట్టు చేయి ఊపాడు. “ఇగ పోవచ్చు. సల్లగ పోండ్రి.”

“అన్నా, రైలు!”

“ఆపింది నేను. అందరు పోయినంక పోతం, సార్.”

ఏం చేయను? పిల్లలు లేచి, బట్టలు దులుపుకుని, ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి మెట్లు దిగారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, దిగేవాళ్లు ఆయనతో చేయి కలుపుతున్నారు. ఆయన ప్రతివాడి ముఖం చూసి తలాడించాడు. గిటారు అబ్బాయి ఆయన కడియాన్ని వేలితో ముట్టి చూసి నవ్వాడు.

చివరివాడు దిగాక పొట్టి జుట్టు అమ్మాయి మా సంచి అందుకుంది. “తూర్పు స్టేషనే కదా? రండి!” ఆమె ముందు, నెత్తి మీద పెట్టెతో అన్న నడుమ, నేను వెనక, పరుగు. ఆమె మమ్మల్ని సరైన రైలుపెట్టెలోకి ఎక్కించి, తలుపు మూసుకునేదాకా నిలబడి చేయి ఊపింది. ఆమె పేరు అడగాలని తలుపు మూసుకున్నాక తోచింది.

తూర్పు స్టేషన్‌లో మా రైలు ఇంకా కదల్లేదు. దుబాసీ మా రైలుపెట్టె తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. మమ్మల్ని చూసి ముందు ఊరట, వెంటనే అనుమానం ఆయన ముఖంలో కనిపించాయి.

“ఇంత ఆలస్యమా? ఈయన తప్పిపోయాడా?”

“లేదు” అన్నాను. “తిరిగింది నేను. ఆయన ఒక్కచోటే నిలబడి ఉన్నాడు. వెతుక్కుంటూ పోయి చేరుకునేసరికి ఆలస్యమైంది.”

అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆయన నా ముఖం, అన్న ముఖం చూసి, టికెట్లు అడిగాడు. లోపలికి ఎక్కమన్నాడు. ఆ సాయంత్రం ఎవరికీ ఫోన్ వెళ్లలేదు.

రైలు నగరం దాటాక దుబాసీ పక్క రైలుపెట్టెలో కాఫీ తాగడానికి వెళ్లాడు. కిటికీ అవతల చలి పొలాలు నల్లబడుతున్నాయి. అన్న కోటు విప్పి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. కడియం కొట్టీ కొట్టీ మణికట్టు ఎర్రగా కందిపోయింది. దాన్ని రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

“కొత్త పద్ధతి సంగతి మళ్ల ఒక్కసారి చెప్పు” అన్నాడు.

చెప్పాను. పేల్చడం, మనుషులు ఆధారాల కింద ఆగిపోవడం, యంత్రం ముందుకు పోవడం. ఇంతకుముందు భూపాలపల్లిలో చాలాసార్లు చెప్పిందే.

“గా యంత్రం ఒక్కటే పోతదా?”

“ఒక్కటే.”

“దాని మీద మనిషి కూసోడు?”

“కూసోడు. ఎనుకనుంచే నడిపిస్తరు.”

“ఎంబడి సర్దార్ పోడు?”

“సర్దార్ గూడ పోడు.”

ఆయన ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, నా కళ్లలోకి చూశాడు.

“ఎవ్వలు పోరు?”

“ఎవ్వలు పోరన్నా. రేపు పొద్దున నీ కండ్లతోటి నువ్వే చూస్తవ్.”

“రేపు ఎన్నింటికి దిగుతం?”

“ఆరింటికి.”

అన్న వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. రెండు మూడు స్టేషన్లు దాటాక, కళ్లు తెరవకుండానే, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు:

“ఎవ్వలు పోరట.”